‘నల్లజాతి వాళ్ళే అంటున్నారు కదా’ అన్న మాట గురించి ఒక తండ్రికి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది వరంగల్ దగ్గర పల్లె. ఇరవై ఆరేళ్ళుగా టెక్సాస్‌లో ఉంటున్నాం. నాకు 54 ఏళ్ళు. మా పెద్దమ్మాయి కాలేజీలో రెండో సంవత్సరం. చిన్నవాడు వచ్చే ఏడాది కాలేజీలకు అప్లై చేస్తాడు. ఆఫీసుకు వెళ్తూ కారులో థామస్ సోవెల్, షెల్బీ స్టీల్, గ్లెన్ లౌరీ లాంటి నల్లజాతి కన్సర్వేటివ్‌ల మాటలు వింటుంటాను. కష్టపడి చదువుకో, కుటుంబాన్ని నిలబెట్టుకో, ఎవరినీ నిందిస్తూ కూర్చోకు అని వాళ్ళు చెబుతుంటే మా నాన్న చెప్పినట్టే ఉంటుంది. నచ్చినవి ఫ్యామిలీ గ్రూపులో పెడుతుంటాను. పోయిన నెల ఒక వీడియో పెట్టి, ‘చూడమ్మా, రేసిజం ఇప్పుడు పెద్ద సమస్య కాదని నల్లజాతి వాళ్ళే అంటున్నారు’ అని రాశాను. పాప ‘వాళ్ళు అమ్ముడుపోయినవాళ్ళు నాన్నా, అంకుల్ టామ్‌లు’ అని రాసి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. తెల్లవాళ్ళకు తలొగ్గే నల్లజాతివాళ్ళను తిట్టే మాట అది. మూడు వారాలైంది. వాళ్ళమ్మతో మాట్లాడుతోంది, నాతో మాట్లాడటం లేదు. తన రూమ్మేట్ నల్లజాతి అమ్మాయి. మా ఇంటికి రెండుసార్లు వచ్చింది, మాకందరికీ ఇష్టం. నేను రేసిస్టును కాను. ఆ పెద్దమనుషులు చెప్పేది తప్పా? పాపతో ఎలా మాట్లాడాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, డాలస్ దగ్గర

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు రేసిస్టు అని నాకు అనిపించలేదు. మీ పాప కూడా అలా అనుకుని ఉండదు. కానీ మీ ఇద్దరి మధ్య గొడవ పెట్టింది ఆ వీడియో అని మీరు అనుకుంటున్నారు. దాని కింద మీరు రాసిన ‘నల్లజాతి వాళ్ళే’ అన్న మాట అని నేను అనుకుంటున్నాను. మీరు ముగ్గురి పేర్లు రాశారు. రేసు విషయంలో ఆ ముగ్గురూ ఒక్క మాట మీద లేరు. అందులో ఒకాయన తన జీవితంలోనే ఒక్క మాట మీద లేరు. ముందు ఆయన గురించే చెబుతాను.

గ్లెన్ లౌరీ 1948లో షికాగోలో పుట్టారు. ఆ నగరపు సౌత్ సైడ్‌లో పెరిగారు. 1982లో హార్వర్డ్ ఎకనామిక్స్ విభాగంలో శాశ్వత ప్రొఫెసర్ అయిన మొదటి నల్లజాతీయుడు ఆయనే. రీగన్ కాలంలో కన్సర్వేటివ్‌లు నెత్తిన పెట్టుకున్న మేధావి. 1995లో ఏం జరిగిందో వినండి. వాషింగ్టన్‌లోని అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్ అనే కన్సర్వేటివ్ సంస్థతో ఆయనకు సంబంధం ఉండేది. అదే సంస్థలో ఉంటూ దినేశ్ డిసౌజా రేసిజం మీద ఒక పుస్తకం రాశారు. డిసౌజా ముంబైలో పుట్టి, చదువు కోసం అమెరికా వెళ్ళిన భారతీయుడు. నల్లజాతి సమాజం వెనకబాటుకు అసలు కారణం ఇప్పుడు రేసిజం కాదు, వాళ్ళ సంస్కృతిలోని లోపాలే అన్నది ఆయన వాదన. ఆ పుస్తకం వచ్చాక లౌరీ, ఆయనతో పాటు రాబర్ట్ వుడ్సన్ ఆ సంస్థతో తెగతెంపులు చేసుకున్నారు. వుడ్సన్ కూడా నల్లజాతి కన్సర్వేటివే. 1981లో సొంతంగా సంస్థ పెట్టి, పేద పేటల్లో అక్కడి మనుషులతోనే పని చేయించిన మనిషి.

పైపైన చూస్తే ఇందులో అంత కోపం ఎందుకో అర్థం కాదు. కుటుంబాలు నిలబడాలి, మన వీధిలో నేరాల్ని మనమే ఆపుకోవాలి, అన్నీ ప్రభుత్వమే చేసిపెట్టదు అని ఈ ఇద్దరూ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు కదా. కానీ తమ పిల్లల్ని దారిలో పెట్టుకోవడానికి ఇంట్లో అనే మాట వేరు, పక్కింటివాళ్ళు అదే మాట పట్టుకుని ‘మీ ఇల్లే అంత’ అనడం వేరు. మీ నాన్నగారు మిమ్మల్ని సోమరి అని తిట్టి ఉండవచ్చు. ఆ తిట్టునే ఊళ్ళో ఎవరో వచ్చి మీ వంశానికి అంటగడితే ఆయనే కర్ర పట్టుకుని లేచేవారు. గ్రూపులో మీరు ఆ వాక్యం రాసినప్పుడు, మీకు తెలియకుండానే డిసౌజా కూర్చున్న చోట కూర్చున్నారు. లౌరీ చోట కూర్చున్నానని మీరు అనుకున్నారు.

ఆ తర్వాత లౌరీ ఇంకా ఎడమకు, అంటే కన్సర్వేటివ్‌లకు ఎదుటి వైపుకు, జరిగారు. నల్లజాతి యువకుల్ని అన్ని లక్షల మందిని జైళ్ళలో కుక్కడం దేశమంతటికీ సిగ్గుచేటని రాశారు. మళ్ళీ ఈమధ్య కన్సర్వేటివ్ వైపు వచ్చారు. 2024లో వచ్చిన ఆత్మకథలో ఈ మలుపులన్నీ, తన వ్యక్తిగత పతనాలతో సహా, దాచుకోకుండా చెప్పారు. మీరు వింటున్న క్లిప్పు ఏ సంవత్సరపు లౌరీదో ఒకసారి చూసుకోండి.

సోవెల్ దారి వేరు. 1930లో నార్త్ కరోలినాలో పుట్టి, న్యూయార్క్‌లోని హార్లెమ్ అనే నల్లజాతి పేటలో పెరిగి, హైస్కూలు మధ్యలో మానేసి, మెరైన్ దళంలో పనిచేసి, ఆ తర్వాత హార్వర్డ్, కొలంబియా, షికాగో యూనివర్సిటీల్లో చదివారు. ఇరవైల్లో ఆయన మార్క్సిస్టు. 1960లో ప్రభుత్వ కార్మిక శాఖలో పనిచేస్తూ ప్యూర్టో రికో చక్కెర పరిశ్రమలో కనీస వేతనాల సంగతి పరిశీలించాక ఆయన ఆలోచన మారడం మొదలైంది. రెండు జాతుల ఆదాయాల్లో తేడా కనబడగానే అదంతా వివక్ష వల్లే అని ఎలా అంటాం అని ఆయన అడుగుతారు. సగటు వయసు, ఉండే ప్రాంతం, చేసే వృత్తి, వలస వచ్చిన కాలం, ఇవన్నీ లెక్కలోకి రావద్దా అంటారు. ఇది గట్టి ప్రశ్న, మీ పాప దీన్ని పక్కకు నెట్టేయకూడదు. అయితే ‘తేడా అంతా వివక్ష వల్ల కాదు’ అనడం, ‘వివక్ష లేదు’ అనడం ఒకటి కాదు. మొదటి మాట సోవెల్‌ది. రెండోది, చాలాసార్లు, ఆ క్లిప్పు కత్తిరించినవాళ్ళు పెట్టిన హెడ్డింగ్.

మీది వరంగల్ అన్నారు కాబట్టి ఒక సంగతి. రకరకాల దేశాల్లోని రిజర్వేషన్లను పోల్చి సోవెల్ రాసినప్పుడు భారతదేశం గురించి చాలా రాశారు. అందులో తెలంగాణ, ఆంధ్ర ఉద్యోగాల తగాదా కూడా వస్తుంది. ఆయనకు అదొక ఉదాహరణ. ఒక వర్గానికి ప్రాధాన్యం ఇచ్చే విధానాలు మనుషుల మధ్య పగలు పెంచుతాయని చూపడానికి అది పనికొచ్చింది. మీ ఊళ్ళో 1969లో ముల్కీ ఉద్యోగాల కోసం రోడ్డెక్కినవాళ్ళు ఇంకా ఉంటే వాళ్ళకు ఆ పేజీలు చదివి వినిపించండి. ‘లెక్కలు సరే బిడ్డా, మాట ఇచ్చి తప్పింది ఎవరో ఏడ రాసిండు?’ అని అడుగుతారు. అదే అరుగు మీద కూర్చున్న ఇంకో పెద్దాయన ‘ఆయన రాసిందాంట్ల నిజం లేకపోలేదు’ అనవచ్చు. ఇద్దరూ వరంగల్‌వాళ్ళే. వాళ్ళలో ఒకరి మాట మాత్రం పట్టుకుని టెక్సాస్‌లో ఒక అమెరికన్ ‘తెలంగాణవాళ్ళే అంటున్నారు’ అంటే మీకు ఎలా ఉంటుంది? అమెరికాలో నల్లజాతీయులు నాలుగు కోట్లకు పైనే ఉన్నారు.

షెల్బీ స్టీల్ గురించి మీకు ఈ సంగతి తెలుసో లేదో. ఆయనకు కవల సోదరుడు ఉన్నారు, పేరు క్లాడ్ స్టీల్. 1946లో షికాగోలో పుట్టారు. లారీ నడిపే నల్లజాతి తండ్రి, సోషల్ వర్కరైన తెల్లజాతి తల్లి, ఇద్దరూ పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసినవాళ్ళు. ఒకే ఇంట్లో పెరిగిన ఈ ఇద్దరూ రేసు గురించి చెరో దారి పట్టారు. తెల్లవాళ్ళలోని అపరాధభావం, నల్లవాళ్ళు తమను తాము బాధితులుగా చూసుకోవడం, ఈ రెండూ ఒకదాన్నొకటి పోషించుకుంటున్నాయని, దాంట్లోంచి బయటపడితేనే నల్లజాతి మనిషికి స్వేచ్ఛ అని షెల్బీ అంటారు. క్లాడ్ సైకాలజిస్టు. 1995లో ఆయన, ఇంకో పరిశోధకుడు కలిసి స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల మీద చేసిన ప్రయోగాలు పేరుపొందాయి. ‘ఇది మీ తెలివితేటల్ని కొలిచే పరీక్ష’ అని చెప్పి పెట్టినప్పుడు నల్లజాతి విద్యార్థులు వెనకబడ్డారు. అలా చెప్పకుండా అదే పరీక్ష పెడితే ఆ వెనకబాటు బాగా తగ్గింది. మనలాంటివాళ్ళకు ఇది రాదని లోకం అనుకుంటోందన్న బెరుకే చేతిని వణికిస్తుందని ఆయన సిద్ధాంతం. ఆ ఫలితాలు ఎంతవరకు నిలుస్తాయన్న దాని మీద తర్వాత చాలా చర్చ జరిగింది, అది వేరే సంగతి. ఒక సోదరుడు ఆ బరువు దించేసి నడువు అంటున్నారు. రెండో ఆయన, నువ్వు దించినా గదిలోకి అడుగుపెట్టగానే మళ్ళీ నీ భుజాన పెడతారు అంటున్నారు. మీ పాపను ఒకటి అడగాలని ఉంది. ఈ అన్నదమ్ముల్లో అమ్ముడుపోయింది ఎవరు?

పాప ‘అంకుల్ టామ్’ అని రాసినప్పుడు బహుశా అమెరికా సుప్రీంకోర్టులోని నల్లజాతి కన్సర్వేటివ్ జడ్జి క్లారెన్స్ థామస్ తన మనసులో ఉండి ఉంటారు. అమెరికాలో ఆ తిట్టు ఆయన తిన్నంతగా ఇంకెవరూ తిని ఉండరు. ఆయన తీర్పుల్లో చాలావాటితో నాకు పేచీ ఉంది. ఓటు హక్కు చట్టం కింద ఎక్కువగా అమెరికా దక్షిణాది రాష్ట్రాల మీద ఉన్న పర్యవేక్షణను సుప్రీంకోర్టు 2013లో దెబ్బతీసినప్పుడు, ఆయన మిగతావాళ్ళకంటే ఇంకో అడుగు ముందుకు వెళ్ళారు. అది తప్పని నా నమ్మకం. కానీ ‘రేసిజం లేదు’ అనే మనిషా ఆయన? 1948లో జార్జియాలోని పిన్ పాయింట్ అనే పల్లెలో పుట్టి, తాత దగ్గర పెరిగి, కాలేజీ రోజుల్లో మాల్కమ్ ఎక్స్ అనే తీవ్రవాద ధోరణి నల్లజాతి నాయకుణ్ణి ఆరాధించిన మనిషి. యేల్ లా స్కూల్ నుంచి బయటికి వచ్చాక, నల్లజాతివాడు కాబట్టే సీటు ఇచ్చి ఉంటారులే అన్న చూపుతో లాయర్ల ఆఫీసులు తనను తిప్పిపంపాయని ఆయన చెప్పుకున్నారు. ఆ డిగ్రీ ఫ్రేముకు 15 సెంట్ల ధర స్టిక్కర్ అంటించుకున్నారు. సీట్లలో, ఉద్యోగాల్లో నల్లజాతివాళ్ళ లాంటివారికి ప్రాధాన్యం ఇచ్చే అఫర్మేటివ్ యాక్షన్ మీద ఆయన వ్యతిరేకత అక్కడి గాయంలోంచి వచ్చింది.

2003లో ఆయన రెండు అసమ్మతి తీర్పులు రాశారు. మొదటిది వర్జీనియా కేసు. శిలువను తగలబెట్టి భయపెట్టడం అక్కడ నేరం. నల్లజాతివాళ్ళను బెదిరించడానికి కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి ముఠా వాడిన పద్ధతి అది. ఆ చట్టంలో కొంత భాగం భావప్రకటన స్వేచ్ఛకు అడ్డమని మిగతా జడ్జీల్లో ఎక్కువమంది తేల్చారు. థామస్ ఒప్పుకోలేదు. అది అభిప్రాయం చెప్పడం కాదు, నల్లజాతి ఇళ్ళ మీద తరాలపాటు నడిచిన భయోత్పాతం అన్నారు. రెండోది, రేసును కూడా లెక్కలోకి తీసుకునే మిషిగన్ యూనివర్సిటీ లా స్కూల్ అడ్మిషన్ల కేసు. యూనివర్సిటీ అధికారుల జోక్యం లేకుండానే నల్లజాతీయులు అన్ని రంగాల్లో పైకి రాగలరని అందులో రాశారు. ఈ రెండూ ఒకే మనిషి, ఒకే ఏడాది రాసినవి. కలిపి చదివితేనే ఆయన అర్థమవుతారు. తెల్లవాళ్ళ ద్వేషం ఎంత నిజమో ఆయనకు తెలుసు, అందుకే వాళ్ళ సాయాన్ని కూడా నమ్మరు. ఇది మీరు పంపిన సందేశం కాదు, పాప కొట్టిపారేసిన సందేశం కూడా కాదు.

అదే మిషిగన్ కేసులో ఇంకో ముచ్చట ఉంది. బుష్ ప్రభుత్వం యూనివర్సిటీ విధానాన్ని వ్యతిరేకించింది. ఆ ప్రభుత్వంలోనే విదేశాంగ మంత్రిగా ఉన్న కొలిన్ పావెల్ అఫర్మేటివ్ యాక్షన్‌ను సమర్థించారు. జాతీయ భద్రతా సలహాదారు కండొలీజా రైస్, రేసు ఊసెత్తని పద్ధతులే మేలు గానీ అనేక అంశాల్లో ఒకటిగా రేసును చూడవచ్చని ప్రకటన ఇచ్చారు. రైస్ 1954లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. 1963లో ఆ ఊరి నల్లజాతి చర్చిలో తెల్లజాతి దుండగులు పెట్టిన బాంబు పేలి చనిపోయిన నలుగురు ఆడపిల్లల్లో ఒకరు ఆవిడతో ఆడుకున్న స్నేహితురాలు. అసలు నిక్సన్ హయాంలో, 1969లో, ప్రభుత్వ కాంట్రాక్టు పనుల్లో నల్లజాతి కార్మికుల్ని తీసుకునేందుకు లక్ష్యాలు పెట్టిన ఆర్థర్ ఫ్లెచర్ నల్లజాతి రిపబ్లికనే. 1996లో కాలిఫోర్నియాలో అలాంటి విధానాలకు ఓటింగుతో ముగింపు పలికించిన ఉద్యమానికి నాయకత్వం వహించిన వార్డ్ కానర్లీ కూడా నల్లజాతి రిపబ్లికనే.

ఇప్పుడు మీ ఇద్దరూ కలిసి చూడవలసిన మనిషి గురించి. సౌత్ కరోలినా సెనేటర్ టిమ్ స్కాట్. ఆయన్ని మొదట సెనేట్‌కు నియమించిన గవర్నర్ నిక్కీ హేలీ మన పంజాబీ వలస కుటుంబపు ఆడపడుచు. 2021 ఏప్రిల్‌లో ప్రెసిడెంట్ బైడెన్ ప్రసంగానికి రిపబ్లికన్ల తరఫున జవాబిస్తూ స్కాట్, అమెరికా రేసిస్టు దేశం కాదు అన్నారు. ఆ ఒక్క వాక్యం ఒకవైపు వాట్సాప్‌లలో తిరిగింది. రెండోవైపు అదే రాత్రి ఆయన పేరును ‘అంకుల్ టామ్’తో కలిపి వెక్కిరించారు. అదే ప్రసంగంలో, కారణం లేకుండా పోలీసులు తన కారు ఆపడం, షాపుల్లో తన వెనకే ఎవరో కాపలా తిరగడం ఎలా ఉంటుందో తనకు తెలుసని కూడా ఆయన అన్నారు. ఆ ముక్క ఎవరి క్లిప్పులోనూ లేదు. అంతకు ఐదేళ్ళ ముందు, 2016 జులైలో, ఆయన సెనేట్‌లో నిలబడి మాట్లాడారు. పదవిలో ఉండగా ఒక్క ఏడాదిలో ఏడుసార్లు పోలీసులు తనను ఆపారని చెప్పారు. సెనేటర్లు పెట్టుకునే బ్యాడ్జి కోటు మీద ఉన్నా, కాపిటల్ భవనం దగ్గరే ఒక అధికారి తనను అడ్డుకున్నాడని చెప్పారు. వింటుంటే గొంతు పట్టేస్తుంది. దేశం రేసిస్టు కాదు అన్న మనిషీ, ఏడుసార్లు అవమానపడ్డ మనిషీ ఒక్కరే. ఈ రెండిటినీ ఆయన ఎలా కలుపుకుంటారో మీకు నచ్చకపోవచ్చు, పాపకు అసలే నచ్చకపోవచ్చు. కలుపుకోవడానికి ఆయన ప్రయత్నిస్తున్నారన్నది మాత్రం ఇద్దరూ గమనించాలి.

2023లో ఫ్లోరిడా నల్లజాతి చరిత్ర పాఠాలకు కొత్త ప్రమాణాలు రాసింది. బానిసలు నేర్చుకున్న పనులు కొన్నిసార్లు వాళ్ళ సొంత మేలుకు ఉపయోగపడ్డాయన్న వాక్యం అందులో ఉంది. ఆ ప్రమాణాల తయారీలో పాల్గొని, దాన్ని గట్టిగా సమర్థించిన ప్రొఫెసర్ విలియం అలెన్ నల్లజాతి కన్సర్వేటివ్. ఆ వాక్యం తప్పని సొంత పార్టీ గవర్నర్‌నే ఎదిరించిన కాంగ్రెస్ సభ్యుడు బైరన్ డోనల్డ్స్ నల్లజాతి కన్సర్వేటివ్. బానిసత్వంలో మంచి అనేదే లేదని స్కాట్ కూడా అన్నారు. ఇలాంటప్పుడు ‘నల్లజాతి వాళ్ళే అంటున్నారు’ అని ఎవరి పేరు మీద రాస్తాం?

పాప వాడిన మాట కూడా న్యాయం కాదు. నూరేళ్ళ కిందట ఇలాంటి తిట్లు తిన్నవారిలో నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ ఒకరు. 1895లో అట్లాంటాలో, రాజకీయ హక్కుల కోసం తొందరపడకుండా ముందు చేతి పనుల్లో పైకి రావాలన్న ధోరణిలో మాట్లాడారు. నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ ఆయనతో గట్టిగా విభేదించారు, అందులో నేను డుబాయిస్ వైపే. కానీ అలబామాలో నల్లవాళ్ళ ఓట్లు తీసేసిన నిబంధనల మీద కోర్టులో వేసిన కేసుకు వాషింగ్టన్ రహస్యంగా డబ్బు సాయం చేశారని ఆయన చనిపోయాక అందరికీ తెలిసింది. మనిషిని ఒక్క తిట్టులో పెట్టేస్తే ఇలాంటివి కనబడవు. అయినా పాప కోపానికి కారణం ఉంది. నల్లజాతి ఓటర్లలో పదిలో ఎనిమిది, తొమ్మిది మంది డెమోక్రాట్లకే ఓటు వేస్తున్నారు. ఆ పది మందిలో వేరుగా మాట్లాడే ఒక్కరినే వెతికి పట్టుకుని, మిగతావాళ్ళ నోరు మూయించడానికి వాడటం తను చూస్తూనే ఉంది. ఆ మెసేజ్ చదివినప్పుడు రూమ్మేట్ పక్క మంచం మీదే ఉందేమో కూడా.

మీకు ఇంకొకటి చెప్పాలి, కొంచెం కష్టంగా ఉంటుంది. చిన్నవాడు వచ్చే ఏడాది అప్లై చేస్తాడని రాశారు. 2023 జూన్‌లో హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో సుప్రీంకోర్టు రేసు ఆధారిత అడ్మిషన్లను కొట్టేసింది. ఆసియా పిల్లలకు అన్యాయం జరుగుతోందన్నది హార్వర్డ్ మీద ముఖ్యమైన ఆరోపణ. అంటే ఆ కేసులో మన ఇళ్ళ లాభనష్టాలు ఉన్నాయి. మీకు కొడుకు సీటు గురించి భయం ఉంటే, ఆ భయం తప్పు కాదు. అది మీ నోటితోనే పాపకు చెప్పండి. దాన్ని సోవెల్ గారి నోట పలికిస్తే తనకు తెలిసిపోతుంది, అందుకే పిల్లలకు అంత కోపం వస్తుంది. ఇంకో విషయం కూడా ఆ సంభాషణలో ఉండాలి. 1965కు ముందు భారతీయులకు అమెరికా ఇచ్చిన వలస కోటా ఏడాదికి సుమారు 100 మంది. పౌరహక్కుల ఉద్యమం వేడిలోనే ఆ వలస చట్టం మారింది. మీరు, నా అన్నదమ్ములు, మన ఊళ్ళవాళ్ళు అక్కడ ఇల్లు కట్టుకోగలగడంలో ఆ ఉద్యమం చేసినవాళ్ళ దెబ్బలు ఉన్నాయి.

మీరు వినేది మానేయమని చెప్పను. సోవెల్‌ను వినండి, లౌరీ ఎడమకు జరిగిన రోజుల్లో రాసిన వ్యాసాలూ చదవండి. ఏ వీడియో చూసినా మిమ్మల్ని మీరు ఒకటి అడగండి. ఈయన రేసిజం ఉందా లేదా అన్నదానికి జవాబు చెబుతున్నారా, అది ఎంతవరకు కారణం అన్నదానికా, ప్రభుత్వం ఏం చేయాలన్నదానికా? మూడూ వేరువేరు ప్రశ్నలు. మొదటి దానికి ‘ఉంది’ అనేవాళ్ళే మూడో దానికి ‘ఏమీ చేయకూడదు’ అనవచ్చు, థామస్ లాగా. మీ గ్రూపులో ఇవి ఒకే ముద్దగా కలిసిపోయాయి.

పాపతో మాట్లాడేటప్పుడు రూమ్మేట్‌ను సాక్షిగా పిలవకండి. ‘ఆ అమ్మాయిని అడుగు, తనేమంటుందో’ అనే మాట నోటి దాకా వస్తుంది, ఆపుకోండి. ఆ పిల్ల మీ ఇంటికి భోజనానికి వచ్చింది, నాలుగు కోట్ల మంది తరఫున వాంగ్మూలం ఇవ్వడానికి రాలేదు. స్కాట్ 2016లో మాట్లాడింది, 2021లో మాట్లాడింది, రెండూ మొదటి నుంచి చివరిదాకా మీరు ఒక్కరే ముందు చూడండి. ఆ తర్వాత ఫోన్ చేయండి, వాళ్ళమ్మ ఫోన్‌లోంచి కాకుండా మీ ఫోన్‌లోంచే. తను ఎత్తకపోతే ‘వాళ్ళే అని రాయడం నా తప్పు. నీతో కలిసి ఒకటి చూడాలని ఉంది, నీకు ఎప్పుడు వీలైతే అప్పుడు’ అని ఒక్క మెసేజ్ పెట్టండి. జవాబు వచ్చేదాకా ఇంకేమీ పంపకండి.